ఫోన్లో నోట్సు: దాచుకోవడానికా, నేర్చుకోవడానికా?



మన ట్రస్టు స్కాలర్‌షిప్ పొందుతున్న పిల్లలకు హోసూరులో ఆదివారం పూట పాఠాలు చెప్పేవారిలో నేనొకణ్ణి. హైస్కూలులో సైన్సు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలకు వచ్చే పిల్లల్ని నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "నీ నోట్సు చూపించమ్మా" అని. ఒకప్పుడు పిల్లలు సంచిలోంచి పుస్తకం తీసేవారు. ఇప్పుడు చాలామంది జేబులోంచి ఫోను తీస్తున్నారు.

తల్లిదండ్రులు కూడా నన్ను రెండు విషయాలు అడుగుతున్నారు. "ట్యాబ్లెట్ కొనివ్వాలా సార్?" అనేది మొదటిది. రెండోది ఒక తల్లి అన్న మాటల్లోనే చెబుతాను: "అంతా ఫోన్లోనే ఉండాది అంటుంది సార్. చదువుతా ఉందో, ఇంకేమన్నా చూస్తా ఉందో మాకెట్ల తెలుస్తుంది?" ఈ రెండు ప్రశ్నలకూ జవాబుగా ఈ పాఠం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విన్నదాన్ని అర్థం చేసుకుని సొంత మాటల్లో రాసే పని విద్యార్థి బుర్రే చేయాలి. రాసినదాన్ని భద్రంగా ఉంచి, అడిగినప్పుడు వెతికిపెట్టి, మళ్లీ చదవాల్సిన రోజు గుర్తుచేసే పని ఫోను మనకంటే బాగా చేస్తుంది. మొదటి పని కూడా ఫోనుకే అప్పగించినప్పుడు చదువు దెబ్బతింటోంది.

గ్యాలరీ నిండా ఫొటోలు

డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి ఫోన్లో తరగతి బోర్డు ఫొటోలు వందల కొద్దీ ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులో వచ్చిన పీడీఎఫ్‌లు వేరే. "కిందటి వారం చెప్పిన లెక్క ఒకటి చూపించు బాబూ" అన్నాను. పెళ్లి ఫొటోలు, క్రికెట్ స్కోర్లు, సినిమా పోస్టర్ల మధ్య వేలితో తోసుకుంటూ చాలాసేపు వెతికాడు. చివరికి దొరికింది. "దీన్ని తీశాక మళ్లీ ఎప్పుడు చూశావు?" అని అడిగితే, "ఇప్పుడే సార్" అన్నాడు.

ఆ అబ్బాయి సోమరి కాడు. తెల్లవారుజామున లేచి తండ్రితోపాటు పూల మార్కెట్టుకు వెళ్లి వచ్చి, తరువాత కాలేజీకి పోతాడు. ఫొటో తీసిన క్షణంలో పాఠం తన చేతికి చిక్కిందని అతని మనసుకు తృప్తి కలిగింది. ఆ తృప్తే మళ్లీ చూడకుండా చేసింది. పరీక్ష ముందు రాత్రి వందల ఫొటోలు తెరిచి కూర్చుంటే ఏం ఎక్కుతుంది? మార్కులు తగ్గితే స్కాలర్‌షిప్ రెన్యువల్ కష్టమవుతుంది. అందుకే ఈ విషయాన్ని తేలికగా తీసుకోవద్దని కోరుతున్నాను.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల జాబితాలు తానే బట్టీపట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకంగా ప్రచురించాడు. ఆయన గమనించినది ఇది: మరుపు మొదటి కొన్ని గంటల్లోనే చాలా వేగంగా జరుగుతుంది, ఆ తరువాత నెమ్మదిస్తుంది. కాబట్టి పాఠం విన్న రోజు సాయంత్రమే ఒకసారి చూసుకోవడం అవసరం.

అమెరికాలో పామ్ మ్యూలర్, డేనియల్ ఒపెన్‌హైమర్ అనే ఇద్దరు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. లాప్‌టాప్‌లో టైపు చేసిన విద్యార్థులు ఎక్కువ మాటలు రాసుకున్నారు. అయితే ఉపన్యాసంలోని మాటల్నే ఎక్కువగా దింపేశారు. ఆలోచించి చెప్పాల్సిన ప్రశ్నల్లో చేత్తో రాసుకున్నవారు మెరుగ్గా జవాబిచ్చారు. 2021లో మరికొందరు పరిశోధకులు ఇదే ప్రయోగం మళ్లీ చేశారు. టైపు చేసేవారు మాటలు ఉన్నవున్నట్టు దింపుతారనే సంగతి అప్పుడూ రుజువైంది. మార్కుల్లో తేడా మాత్రం స్పష్టంగా కనిపించలేదు. అంటే "కలమే గొప్ప, కీబోర్డు చెడ్డ" అని తీర్పు చెప్పడానికి లేదు. దేనితో రాసినా ఆలోచించకుండా దింపేస్తున్నామా అని మాత్రం చూసుకోవాలి.

ఇంకొక పరిశోధన 2006 నాటిది. రోడిగర్, కార్పిక్ అనేవారు కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు. మరికొందరి చేత ఒకసారి చదివించి, పుస్తకం మూయించి, గుర్తున్నది రాయించారు. 5 నిమిషాల తరువాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవారే ముందున్నారు. 2 రోజుల తరువాత, వారం తరువాత పెడితే మూసి రాసినవారు ముందున్నారు. మన పరీక్షలు పాఠం విన్న 5 నిమిషాలకు రావు కదా! కాబట్టి నోట్సును చూస్తూ చదువుకోవడానికి మాత్రమే ఉంచుకోకుండా, మూసి మనల్ని మనం ప్రశ్నించుకోవడానికి కూడా వాడుకోవాలి.

ఒక పాఠంతో చేసి చూద్దాం

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ అనే ఆచార్యుడు ఒక నోట్సు పద్ధతిని రూపొందించాడు. 1962లో వచ్చిన ఆయన పుస్తకం ద్వారా అది ప్రసిద్ధమైంది. కాగితాన్ని మూడు భాగాలు చేయాలి. ఎడమ వైపు రెండున్నర అంగుళాల సన్నని గడి, కుడివైపు వెడల్పు గడి, అడుగున రెండు అంగుళాల ఖాళీ. తరగతిలో కుడివైపు రాసుకోవాలి. సాయంత్రం ఎడమవైపు ప్రశ్నలు రాయాలి. అడుగున సారాంశం రెండు మూడు వాక్యాల్లో రాయాలి.

కణం పాఠంలో వచ్చే ఆస్మోసిస్ సంగతి తీసుకుందాం. తెలుగు పుస్తకాల్లో దీన్ని ద్రవాభిసరణం అంటారు. తమిళ పుస్తకాల్లో సవ్వూడు పరవల్ అని ఉంటుంది.

కుడివైపు ఇలా రాసుకోవచ్చు: నీళ్లు పలచని ద్రావణం నుంచి చిక్కని ద్రావణంలోకి పోతాయి. మధ్యలో ఒక పొర ఉండాలి. ఆ పొర నీళ్లను పోనిస్తుంది, కరిగి ఉన్న ఉప్పు, చక్కెర వంటివాటిని అంత సులభంగా పోనివ్వదు. ఎండు ద్రాక్షను మంచినీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని చిక్కటి పంచదార నీళ్లలో వేస్తే ముడుచుకుంటుంది. నిర్వచనాన్ని మాత్రం పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఒక్కసారి రాసి గీత గీసుకోండి. పరీక్షలో అది కావాలి.

ఎడమవైపు ప్రశ్నలు: నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయి? పొర లేకుండా పదార్థం పరుచుకుంటే దాన్నేమంటారు? మాగాయకు కోసిన మామిడి ముక్కల మీద ఉప్పు చల్లితే ఊట ఎక్కడి నుంచి వస్తుంది?

అడుగున సారాంశం: పొర గుండా నీళ్లు చిక్కదనం ఎక్కువ ఉన్న వైపుకు పోవడమే ఆస్మోసిస్. ముక్కలోని నీళ్లను బయటి ఉప్పు లాగడం దీనికి ఇంట్లో కనిపించే ఉదాహరణ.

ఆ మూడో ప్రశ్న ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండనవసరం లేదు. ఇంట్లో అమ్మ చేసే పని చూసిన పిల్లకు అది తోస్తుంది. అలాంటి ప్రశ్న ఒక్కటి సొంతంగా రాసిన విద్యార్థికి పాఠం వచ్చినట్టే. బోర్డు ఫొటో తీస్తే ఈ ప్రశ్న పుట్టదు.

ఫోనుకు అప్పగించవలసిన పనులు

ఇప్పుడు ఫోను బయటికి తీయండి.

1. భద్రపరచడం: రాసిన పేజీని సాయంత్రం మంచి వెలుతురులో స్కాన్ చేయండి. గూగుల్ డ్రైవ్ యాప్‌లోనే స్కాన్ చేసే సదుపాయం ఉంది. మామూలు ఫొటోలతో కలిసిపోకుండా పీడీఎఫ్‌గా వేరే ఫోల్డరులో ఉంటుంది. సబ్జెక్టుకు ఒక ఫోల్డరు చాలు. గూగుల్ ఖాతాకు ఉచితంగా ఇచ్చే 15 జీబీ జాగాలోనే జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ సర్దుకోవాలి. 2024 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ లెక్కలోకే వస్తోంది. కాబట్టి వాట్సాప్‌లో వచ్చే పండుగ వీడియోలను ఎప్పటికప్పుడు తీసేయండి.

2. పేరు పెట్టడం: ప్రతి ఫైలుకూ సబ్జెక్టు, పాఠం సంఖ్య, విషయం, తేదీ ఒకే వరుసలో రాయండి. చేతిరాతను ఫోను ప్రతిసారీ సరిగా చదవలేదు. పేరు సరిగా ఉంటేనే వెతికితే దొరుకుతుంది.

3. గుర్తుచేయడం: రాసిన రోజు సాయంత్రం, 2 రోజులకు, వారానికి, నెలకు ఒకసారి చూసుకునేలా ఫోను క్యాలెండరులో పెట్టుకోండి. చూసేటప్పుడు కుడివైపు గడి మూసి, ఎడమవైపు ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పండి.

4. ప్రశ్నలు అడగడం: 2006లో వచ్చిన ఆంకీ అనే ప్రోగ్రాములో ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు ఉన్న చీటీలు తయారుచేసుకోవచ్చు. తప్పిన చీటీని తొందరగా, వచ్చిన చీటీని ఆలస్యంగా మళ్లీ చూపిస్తుంది. కంప్యూటరులోనూ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉచితం. సూత్రాలకు, సంవత్సరాలకు, కొత్త మాటలకు బాగా పనికివస్తుంది.

మన పిల్లలకు ప్రత్యేకంగా: భాష సంగతి

మన కుటుంబాలు తరతరాలుగా ఇతర రాష్ట్రాల్లో ఉన్నాయి. పిల్లలు తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఇంగ్లీషులోనో చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో ఒకటో తరగతి మొదలుకొని తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. తెలుగు మాట వచ్చినా తెలుగు అక్షరం రాని పిల్లలు నా ఆదివారం తరగతిలోనే ఉన్నారు.

డిజిటల్ నోట్సు ఇక్కడ నిజంగా ఉపకరిస్తుంది. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991 నుంచే స్థానం ఉంది. 2017 నుంచి గూగుల్ కీబోర్డులో తెలుగులో మాట్లాడితే తెలుగు అక్షరాల్లో రాసిపెట్టే సదుపాయం కూడా వచ్చింది. పాఠం ఇంగ్లీషులో విన్న పిల్ల, ఇంటికి వచ్చి దాని సారాంశాన్ని తెలుగులో ఫోనుకు చెప్పవచ్చు. తెర మీద వచ్చిన అక్షరాలను అమ్మతోనో, తాతతోనో కలిసి చదివి తప్పులు దిద్దవచ్చు. సైన్సూ వస్తుంది, అక్షరమూ వస్తుంది.

రెండు జాగ్రత్తలు చెబుతాను. ద్రవాభిసరణం అని రాసి, ద్రవాభిసరణము అని వెతికితే ఫోనుకు దొరకకపోవచ్చు. అందుకని ప్రతి నోట్సు పైన ఆ విషయం పేరును బడి భాషలో, ఇంగ్లీషులో, తెలుగులో మూడు విధాలా రాయండి. రెండోది, డీటీపీ సెంటర్లలో పాత పద్ధతి తెలుగు ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లలోంచి కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఫైలు చెడిపోలేదు, అది యూనికోడ్ కాదు, అంతే. అలాంటివాటికి పేరులోనే విషయం అంతా రాసి పెట్టుకోండి.

ఏ యాప్ మంచిది?

మైక్రోసాఫ్ట్ వన్‌నోట్ 2003లో వచ్చింది. ఎవర్‌నోట్ 2008లోనూ, గూగుల్ కీప్ 2013లోనూ వచ్చాయి. చిన్న చిన్న చీటీలకు కీప్ చాలు. సబ్జెక్టుల వారీగా పెద్ద నోట్సుకు వన్‌నోట్ అనుకూలం. ఒకటి ఎంచుకుని సంవత్సరమంతా దానితోనే ఉండండి. నెలకో యాప్ మార్చేవారు నోట్సును సర్దుకోవడంలోనే కాలం గడుపుతారు.

ఏ యాప్‌నూ శాశ్వతమని నమ్మవద్దు. 2006లో మొదలైన గూగుల్ నోట్‌బుక్ 2012లో మూతపడింది. ఎవర్‌నోట్ 2023 చివర్లో ఉచితంగా వాడేవారికి 50 నోట్సులు, ఒక్క నోట్‌బుక్ అని పరిమితి పెట్టింది. నెలకొకసారి నోట్సును పీడీఎఫ్‌గా దించి పెన్‌డ్రైవ్‌లోనో, ఇంట్లో మరొకరి ఫోన్లోనో పెట్టండి. ఖాతా పేరు, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో ఉంచండి. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఫోను ప్లస్ టూ పరీక్షలకు వారం ముందు నీళ్లలో పడింది. చేతిరాత పుస్తకాలు ఉండబట్టి గట్టెక్కింది.

ఇప్పుడు కృత్రిమ మేధ యంత్రాలు కూడా నోట్సు తయారుచేసి ఇస్తున్నాయి. 2023లో వచ్చిన గూగుల్ నోట్‌బుక్‌ఎల్ఎమ్‌కు పాఠం ఇస్తే సారాంశం, ప్రశ్నలు రెండూ ఇస్తుంది. సారాంశం మీరు రాసి, ప్రశ్నలు దాన్ని అడగమనండి. అది చెప్పే జవాబుల్లో తప్పులుంటాయి కనుక పాఠ్యపుస్తకంతో సరిచూసుకోండి.

తోటి ఉపాధ్యాయులకు మనవి

పూర్తి నోట్సును పీడీఎఫ్‌గా గ్రూపులో పెట్టేస్తే పిల్లలు తరగతిలో కలం తీయరు. శీర్షికలు, బొమ్మలు ఇచ్చి, ముఖ్యమైన చోట ఖాళీలు వదలండి. ఖాళీలు వారే నింపుతారు. 2014లో వచ్చిన వన్‌నోట్ క్లాస్ నోట్‌బుక్ వంటి సదుపాయం మీ బడిలో ఉంటే, ఒక్కొక్క విద్యార్థి నోట్సును వేరువేరుగా తెరిచి చూడవచ్చు. వారానికి అయిదుగురివి చూసి ఒక వాక్యం రాసినా పిల్లలకు ఎంతో ఉత్సాహం.

తల్లిదండ్రులకు

ట్యాబ్లెట్ కోసం అప్పు చేయవద్దు. నగలు తాకట్టు పెట్టవద్దు. పైన చెప్పినవన్నీ గీతల నోటు పుస్తకంతో, ఇంట్లో ఉన్న మామూలు ఫోనుతో సాధ్యమే. ఒక్కటే ఫోను ఉన్న ఇంట్లో సాయంత్రం ఒక అరగంట పిల్లల స్కానింగుకు, క్యాలెండరుకు కేటాయించండి. ఆ అరగంట ఎప్పుడన్నది ముందే అనుకోండి. బోర్డు పరీక్షలు చేత్తోనే రాయాలి కాబట్టి చేతిరాత అభ్యాసం ఎలాగూ కావాలి.

పిల్లవాడు ఫోన్లో చదువుతున్నాడో లేదో తెలుసుకోవడానికి మీకు ఇంగ్లీషు రానక్కరలేదు, యాప్ తెలియనక్కరలేదు. రాత్రి భోజనాల దగ్గర, "ఈరోజు ఏం చెప్పారో నాకు మన తెలుగులో చెప్పు నాన్నా" అనండి. ఫోను పక్కన పెట్టి చెప్పమనండి. రెండు నిమిషాలు చెప్పగలిగితే నోట్సు పనిచేస్తోందన్నమాట. తడబడితే తిట్టకండి. ఎక్కడ ఆగిపోయాడో అదే రేపు మళ్లీ చదవాల్సిన చోటు. బడికి వెళ్లని తల్లి కూడా ఈ పరీక్ష పెట్టగలదు.

రోజులో ఒక్క పాఠంతో మొదలుపెట్టండి. నెల రోజులు చేశాక పాత ఫొటోలను తీసేయాలా వద్దా అని మీకే తెలుస్తుంది. వచ్చే ఆదివారం తరగతికి వచ్చే పిల్లలు ఎడమ గడిలో సొంత ప్రశ్నలు రాసిన ఒక పేజీ తీసుకురండి. కాగితమైనా సరే, ఫోన్లోనిదైనా సరే. దూరాన ఉన్నవారు మీ ఊళ్లోని మన ట్రస్టు ప్రతినిధికి చూపించండి. ఈసారి రెన్యువల్ ఇంటర్వ్యూలో నేను ఎడమ గడినే ముందు చదువుతాను.

మీ పిల్లలందరూ చక్కగా చదువుకుని వృద్ధిలోకి రావాలని కోరుకుంటున్నాను.